హ్యాంగ్ అంటే ఏ హ్యాంగ్? డెస్క్‌టాప్ ఆగిపోతుంటే ఎస్‌ఎమ్‌పీఎస్‌ను ఎప్పుడు అనుమానించాలి

“అన్నా, సిస్టమ్ మళ్ళీ హ్యాంగ్ అయింది. ఈసారి ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చేయమంటున్నారు. మార్చేయనా?”

తెనాలిలో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుకుంటున్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ అది. ఎస్‌ఎమ్‌పీఎస్ అంటే క్యాబినెట్ లోపల ఉండి, గోడ కరెంటును కంప్యూటర్‌కు పనికొచ్చేలా మార్చే డబ్బా. అప్పటికి రెండు నెలలుగా ఇదే గొడవ. రిపేరుకు మూడుసార్లు తీసుకెళ్ళాడు. ఒకసారి విండోస్ కొత్తగా ఎక్కించారు. ఇంకోసారి ర్యామ్ మార్చారు. మూడోసారి మళ్ళీ విండోస్. ప్రతిసారీ రెండు మూడు రోజులు బాగానే నడిచేది, తర్వాత సరిగ్గా పెళ్ళికార్డుల పని మీద ఉన్నప్పుడే మళ్ళీ మొదలయ్యేది. ఖర్చు సంగతి అలా ఉంచండి, కౌంటర్ ముందు మనిషి నిలబడి ఉండగా తెర ఆరిపోతే పడే టెన్షన్ చెప్పలేం.

“హ్యాంగ్ అంటే ఏమవుతోందిరా?” అని అడిగాను.

“హ్యాంగ్ అంటే హ్యాంగే అన్నా. ఆగిపోతోంది.”

చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళి ‘ఒంట్లో బాగాలేదు’ అని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఎలా ఉంటుందో, రిపేరు షాపులో ‘హ్యాంగ్ అవుతోంది’ అనడం అలాగే ఉంటుంది. ఆ ఒక్క మాటలో మనం కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు కలిపేస్తాం. అవతలి టెక్నీషియన్‌కు వేరే ఆధారం దొరకదు కాబట్టి తనకు అలవాటైన మందు వేస్తాడు. ఒకరు విండోస్ మారుస్తారు, ఇంకొకరు ర్యామ్ మారుస్తారు. చివరికి ఏదీ కుదరకపోతే తప్పు ఎస్‌ఎమ్‌పీఎస్ మీద పడుతుంది. అది నిజంగానే దోషి కావచ్చు, కాకపోవచ్చు కూడా. మా తమ్ముడి సిస్టమ్‌లో సగం దోషం దానిది, సగం వేరే దానిది. రెండు నెలలు తిప్పలు పెట్టింది అదే.

ఎలా ఆగింది అన్నదే అసలు సాక్ష్యం

సిస్టమ్ ఆగిపోయిన క్షణంలో మనం చేసే మొదటి పని పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. దాంతో సాక్ష్యం పోతుంది. దానికి ముందు అరనిమిషం ఓపిక పట్టి నాలుగు సంగతులు గమనించాలి.

మౌస్ బాణం కదులుతోందా? కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందా? పాటో వీడియోనో నడుస్తూ ఉంటే శబ్దం మామూలుగా వస్తోందా, ఒకే ముక్క దగ్గర గుయ్ మంటూ ఇరుక్కుపోయిందా? లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయా?

క్యాప్స్ లాక్ పరీక్ష చిన్నదే కానీ చాలా చెబుతుంది. ఆ లైటును వెలిగించేది కీబోర్డు కాదు, విండోస్. మీరు మీట నొక్కిన కబురు లోపలికి వెళ్ళి, ‘లైటు వెలిగించు’ అన్న ఆజ్ఞ తిరిగి వస్తేనే అది వెలుగుతుంది. లైటు మారుతోందంటే లోపల విండోస్ ప్రాణంతోనే ఉంది, ఏదో ఒక పని దగ్గర ఇరుక్కుంది అంతే. లైటు మారలేదంటే మొత్తం బిగుసుకుపోయినట్టు.

మౌస్ కదులుతూ, లైటు మారుతూ, ప్రోగ్రాములు మాత్రం తెల్లబారి ‘నాట్ రెస్పాండింగ్’ అంటుంటే అనుమానం ముందు డిస్క్ మీదికి వెళ్ళాలి. విండోస్ ఏదో ఫైలు అడిగింది, డిస్క్ నుంచి జవాబు రాలేదు, ఎదురుచూస్తోంది. ఇరవై, ముప్పై సెకన్లు ఆగి తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ నడిచిందంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

తెర నల్లబడి, పాట మాత్రం వినబడుతూ ఉంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి. విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలతో పాటు బీ నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. దాంతో బొమ్మ తిరిగొస్తే దారి దొరికినట్టే.

బొమ్మ ఉన్నది ఉన్నట్టు గడ్డకట్టి, శబ్దం ఇరుక్కుని, లైటు మారకపోతే ర్యామ్, ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, కొన్నిసార్లు కరెంటు. అన్నిట్లోకీ తేల్చడం కష్టమైనది ఇదే.

చివరిది, టక్కున ఆరిపోయి మళ్ళీ కంపెనీ లోగో రావడం, లేదా పూర్తిగా ఆరిపోవడం. లోపం వచ్చిందని విండోస్ చూపించే నీలం తెర లేదు, హెచ్చరిక లేదు. దీన్ని కూడా చాలామంది హ్యాంగ్ అనే అంటారు. కానీ ఇది హ్యాంగ్ కాదు, కరెంటు తెగడం. ఎస్‌ఎమ్‌పీఎస్ మీద అనుమానం అన్నిటికంటే ఎక్కువ పెట్టుకోవాల్సింది ఇక్కడే.

మా వాడితో ఒక పాత బిల్లు బుక్కు వెనక పేజీల్లో పది రోజులు రాయించాను. ఎప్పుడు, ఏం చేస్తుండగా, ఎలా ఆగింది. విసుక్కుంటూనే రాశాడు. వాట్సాప్‌లో ఫోటో తీసి పంపిన పేజీలో ఇలా ఉంది:

“మంగళవారం 11:20. కార్డు సేవ్ చేస్తుంటే ఆగింది. మౌస్ కదిలింది. అరనిమిషానికి అదే వచ్చింది.
బుధవారం 10:05. పొద్దున మొదటి ప్రింటు ఇచ్చా. టక్కున ఆరి లోగో వచ్చింది.
గురువారం 4:40. ప్రింటు. మళ్ళీ లోగో.
శుక్రవారం 12:15. పెద్ద ఫైలు తెరుస్తుంటే ఆగింది. మౌస్ కదిలింది.
శనివారం. ఏమీ కాలేదు. టోనర్ అయిపోయి ప్రింటర్ వాడలేదు.”

ఆ శనివారం లైను చదవగానే నాకు సగం సంగతి అర్థమైంది. ఇవి రెండు జబ్బులు. ఒకటి డిస్క్ వైపు నుంచి, రెండోది లేజర్ ప్రింటర్‌తో ముడిపడి కరెంటు వైపు నుంచి. రిపేరు షాపులో ప్రింటర్ ఉండదు కదా, అక్కడ సిస్టమ్ మూడు రోజులైనా చక్కగానే నడిచేది. వాళ్ళ తప్పేమీ లేదు. జబ్బు మా వాడి షాపులో ఉన్నప్పుడే వస్తుంది, పేషెంటును ఒక్కడినే రిపేరుకు పంపుతున్నాం.

‘కెర్నల్-పవర్ 41’ చూసి కంగారు పడకండి

కొంచెం తెలిసినవాళ్ళు, జరిగిన సంగతులను విండోస్ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరుస్తారు. అక్కడ ఎర్ర గుర్తుతో ‘కెర్నల్-పవర్, ఈవెంట్ 41’ కనబడుతుంది. పేరులో పవర్ ఉంది కాబట్టి ఎస్‌ఎమ్‌పీఎస్ పోయిందని తేల్చేస్తారు. ఈ పొరపాటు వల్ల మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌లు ఎన్ని పక్కన పడ్డాయో!

41 చెప్పేది ఒక్కటే: పోయినసారి విండోస్ పద్ధతిగా మూతపడలేదు. కరెంటు పోయినా 41 వస్తుంది. సిస్టమ్ బిగుసుకుపోయి మీరే బటన్ నొక్కి పట్టుకుని ఆపినా 41 వస్తుంది. నీలం తెర వచ్చినా వస్తుంది. దాని వివరాల్లోకి వెళ్తే బగ్‌చెక్ కోడ్ అని ఒక అంకె ఉంటుంది. అది సున్నా కాకపోతే విండోస్‌కు చనిపోయే ముందు కారణం రాసుకునే సమయం దొరికింది, ఆ కోడ్ పట్టుకుని వెతకొచ్చు. సున్నా అయితే ఆ సమయం కూడా దొరకలేదు. సున్నాను చూసి కరెంటు పోయిందని చెప్పలేం, బిగుసుకుపోతే మీరు బటన్ నొక్కినా సున్నానే. ఆ రెంటిలో ఏదో చెప్పగలిగింది మీరు కళ్ళతో చూసి రాసుకున్న పుస్తకమే.

41కి ముందు వరసలో ఏముందో చూడటం ఇంకా ఉపయోగం. డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో ఎర్రర్లు ఉంటే ప్రాసెసర్ స్వయంగా హార్డ్‌వేర్ లోపం గురించి ఫిర్యాదు చేసిందన్నమాట. డిస్క్ పేరుతో 7 ఉంటే చదవలేని బ్లాకు తగిలింది. 129 ఉంటే డిస్క్ ఎంతకీ పలకక విండోస్ దాన్ని రీసెట్ చేయాల్సి వచ్చింది. ఇదంతా గజిబిజిగా అనిపిస్తే స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని వెతకండి. ఏ రోజు ఏం జరిగిందో తేదీల వారీగా గ్రాఫ్ వస్తుంది, పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

మా వాడి ఈవెంట్ వ్యూయర్‌లో మంగళవారం 11:20 దగ్గర 129లు నాలుగు వరసగా ఉన్నాయి. బుధవారం 10:05 దగ్గర మాత్రం 41 తప్ప ఏమీ లేదు. ముందు ఒక్క హెచ్చరిక లేకుండా, అప్పటిదాకా అంతా ప్రశాంతం.

డిస్క్ వైపు పని తేలిగ్గానే తేలింది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో డిస్క్ ఆరోగ్యం లెక్కలు కనబడతాయి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, కరెంట్ పెండింగ్ సెక్టార్లు సున్నాగానే ఉన్నాయి, అంటే డిస్క్ లోపల దెబ్బ లేదు. సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. ఆ లెక్క పెరిగితే తప్పు సాధారణంగా డిస్క్‌ది కాదు, డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య ఉన్న సాటా కేబుల్‌ది. కొత్త కేబుల్ వేస్తే ఆ అరనిమిషం ఆగడాలు పోయాయి. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, ఆ లెక్క ఎప్పటికీ తగ్గదు. కేబుల్ మార్చాక పెరగకుండా ఆగితే చాలు.

మేడ మీది ట్యాంకు

మిగిలింది ప్రింటర్ ఇస్తే ఆరిపోవడం. ఇది అర్థం కావాలంటే ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి.

గోడ సాకెట్ నుంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ. అది నిలకడగా ప్రవహించేది కాదు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగడంలో సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది. కంప్యూటర్‌కు కావలసింది మాత్రం కదలని 12, 5, 3.3 వోల్టుల డీసీ. ఎస్‌ఎమ్‌పీఎస్ ముందు ఏసీని డీసీగా మార్చి, లోపలున్న పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవ చేస్తుంది. ఆ నిలవ నుంచి సెకనుకు వేలసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే స్విచ్‌ల ద్వారా చిన్న వోల్టేజీలు తయారు చేస్తుంది.

ఆ పెద్ద కెపాసిటర్ మేడ మీది నీళ్ళ ట్యాంకు లాంటిది. మున్సిపాలిటీ నీళ్ళు వచ్చినా రాకపోయినా ట్యాంకులో ఉన్నంతసేపు కుళాయి ఆగదు. సున్నాను దాటే ఆ 100 సార్లూ కంప్యూటర్‌కు తెలియనివ్వనిది ఆ ట్యాంకే. బయట కరెంటు ఒక్క క్షణం తడబడినా అదే కాపాడాలి. డెస్క్‌టాప్ ఎస్‌ఎమ్‌పీఎస్‌లకు ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం, ఎక్కువ లోడు మీద కూడా కరెంటు పోయాక దాదాపు 16 మిల్లీసెకన్లు నెట్టుకురావాలి. మన 50 హెర్ట్జ్ కరెంటు ఒక్క ఊపుకు పట్టే సమయం 20 మిల్లీసెకన్లు. అంటే ఇచ్చిన ఊపిరి ఒక ఊపు కంటే తక్కువే. మెషీన్ మీద లోడు తక్కువుంటే ఆ ఊపిరి ఇంకాస్త సాగుతుంది.

కెపాసిటర్‌లో ఎలక్ట్రొలైట్ అనే ద్రవం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ, వేడికి, అది ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళు వేసే మోటు లెక్క. మే నెలలో తెనాలి షాపు, రేకుల పైకప్పు, దుమ్ముతో మూసుకుపోయిన ఎస్‌ఎమ్‌పీఎస్ ఫ్యాన్. ఏడేళ్ళలో ఆ ట్యాంకులో ఎన్ని నీళ్ళు మిగులుతాయో ఊహించుకోండి. ట్యాంకు సగానికి సగం తగ్గినా మామూలు రోజున తేడా తెలియదు. కుళాయి వస్తూనే ఉంటుంది. పైపులో నీళ్ళు కాస్త తగ్గిన క్షణాన బయటపడుతుంది.

లేజర్ ప్రింటర్ ఆ క్షణాన్ని తెచ్చిపెడుతుంది. కాగితం మీద టోనర్ పొడిని అతికించడానికి అందులో ఫ్యూజర్ అనే వేడి రోలర్ ఉంటుంది. అది చల్లగా ఉన్నప్పుడు మొదటి ప్రింటు ఇస్తే వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది. పొద్దున్నే మొదటి ప్రింటుకే ఆరిపోవడం ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది కదా. మా వాడి ప్రింటర్, సిస్టమ్, మానిటర్ అన్నీ ఒకే సన్నటి వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉన్నాయి. ఫ్యూజర్ లాగగానే ఆ వైరులో వోల్టేజీ పడింది. ట్యాంకు నిండుగా ఉంటే ఆ పడటం కంప్యూటర్‌కు తెలిసేది కాదు.

ఇలా పడినప్పుడు సిస్టమ్ బిగుసుకుపోకుండా రీస్టార్ట్ ఎందుకవుతుందన్న ప్రశ్నకు జవాబు ఒక బూడిదరంగు వైరులో ఉంది. వోల్టేజీలు సరిగ్గా ఉన్నంతసేపు ఎస్‌ఎమ్‌పీఎస్ ఆ వైరు మీద ‘పవర్ బాగుంది’ అని మదర్‌బోర్డుకు చెబుతూ ఉంటుంది. తను ఇక నిలబెట్టలేనని తెలియగానే ఆ మాట వెనక్కి తీసుకుంటుంది. మదర్‌బోర్డు వెంటనే అన్నీ ఆపి మొదటి నుంచి మొదలుపెడుతుంది. చెడు కరెంటుతో నడిచి డిస్క్ మీద చెత్త రాసేకంటే ఆగిపోవడం మేలని ఆ ఏర్పాటు. అందుకే ఎస్‌ఎమ్‌పీఎస్ జబ్బు సాధారణంగా రీస్టార్ట్‌గానో, పూర్తిగా ఆరిపోవడంగానో కనబడుతుంది, గడ్డకట్టడంగా తక్కువ.

తక్కువ అన్నాను, లేదనలేదు. కెపాసిటర్లు ముసలివైతే 12 వోల్టుల లైను మీద సన్నటి అలలు ఎక్కువవుతాయి. ప్రమాణం ప్రకారం ఆ అల 120 మిల్లీవోల్టులు దాటకూడదు, 5 వోల్టుల లైను మీద 50. దాటితే ర్యామ్‌లోనో ప్రాసెసర్‌లోనో ఒక్క అంకె తారుమారై సిస్టమ్ బిగుసుకుపోవచ్చు. ‘పవర్ బాగుంది’ వైరుకు ఆ అల కనబడకపోవచ్చు.

ఇంకో విచిత్రం ఉంది. పని లేనప్పుడు, ఎవరూ ముట్టుకోనప్పుడు బిగుసుకుపోయే సిస్టమ్‌లు. 2013లో ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లు నిద్రలో ఎంత తక్కువ కరెంటు తాగేవంటే, అప్పటి పాత ఎస్‌ఎమ్‌పీఎస్‌లు కొన్ని అంత తక్కువ లోడు మీద వోల్టేజీ నిలబెట్టలేకపోయాయి. 2017లో వచ్చిన ఏఎమ్‌డీ తొలి రైజెన్‌ల మీదా ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి. వాటి బయోస్‌లో (విండోస్ కంటే ముందు మొదలయ్యే మదర్‌బోర్డు ప్రోగ్రాంలో) ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ అనే అమరిక ఇచ్చారు, దాన్ని ‘టిపికల్ కరెంట్ ఐడిల్’కు మారిస్తే చాలామందికి తగ్గింది. మీ దగ్గర తొలి రైజెన్ ఉండి, గేములాడినంతసేపు బాగుండి, అన్నానికి లేచి వచ్చేసరికి బిగుసుకుపోయి ఉంటే, రూపాయి ఖర్చు పెట్టకముందు ఇది చూడండి.

మల్టీమీటర్ చెప్పేది, చెప్పలేనిది

ఎస్‌ఎమ్‌పీఎస్‌ను పరీక్షించడానికి చాలామంది చేసేది ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు పేపర్ క్లిప్‌తో కలపడం. ఫ్యాన్ తిరిగితే బాగుందంటారు. లోడు ఏమీ లేకుండా ఫ్యాన్ తిరిగిందంటే ‘లేచి కూర్చుంది’ అని అర్థం, బస్తా మోయగలదని కాదు.

మల్టీమీటర్ దానికంటే మెరుగు. సిస్టమ్ నడుస్తుండగా, బాగా పని పెట్టి, ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల పాత మోలెక్స్ కనెక్టర్‌లో చూడటం తేలిక. పసుపుకూ నలుపుకూ మధ్య 12, ఎరుపుకూ నలుపుకూ మధ్య 5. ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 11.4 నుంచి 12.6 దాకా, 4.75 నుంచి 5.25 దాకా. మొన లోపల పక్క పిన్నుకు తగలకుండా జాగ్రత్త. ఈ హద్దులు దాటితే ఇక వేరే రుజువు అక్కర్లేదు, మార్చేయండి. హద్దుల్లో ఉంటే మాత్రం నిర్దోషి అని తేలినట్టు కాదు. మల్టీమీటర్ సగటు చూపిస్తుంది. మిల్లీసెకన్లలో పడి లేచే వోల్టేజీ, పైన చెప్పిన సన్నటి అల దానికి కనబడవు. మా వాడి దగ్గర ఎలక్ట్రీషియన్ చూస్తే 12.05 వచ్చింది. చక్కటి అంకె. అయినా దోషి అదే.

ప్రోగ్రాముల్లో కనబడే వోల్టేజీలను నమ్మి టెన్షన్ పడకండి. 12 వోల్టుల లైను 8 చూపిస్తోందని ఒకరు నాకు స్క్రీన్‌షాట్ పంపారు. నిజంగా 8 ఉంటే ఆ స్క్రీన్‌షాట్ తీయడానికి సిస్టమ్ నడిచేదే కాదు. వేడి విషయంలో మాత్రం ఆ ప్రోగ్రాములు పనికొస్తాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో లాగింగ్, అంటే కొలతలను ఫైలులో రాసుకోవడం, పెట్టి వదిలేస్తే, సిస్టమ్ ఆగిన క్షణానికి ముందు ప్రాసెసర్ ఎంత వేడిలో ఉందో ఫైలులో చివరి వరసల్లో దొరుకుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర తమంతట తాము నెమ్మదిస్తాయి, అప్పటికీ ఆగకపోతే ఆరిపోతాయి. ఈ ఆరిపోవడం కూడా అచ్చం ఎస్‌ఎమ్‌పీఎస్ పోయినట్టే కనబడుతుంది కాబట్టి, కూలర్ వదులైందేమో, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య రాసే పేస్ట్ ఎండిందేమో ముందు చూసుకోవాలి.

ర్యామ్‌కు మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే పరీక్ష ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపడమే సరైన పరీక్ష. ఒక్క ఎర్రర్ వచ్చినా వచ్చినట్టే. ర్యామ్ కాళ్ళను రబ్బరుతో తుడవడం మన షాపుల్లో మామూలు వైద్యం. కాళ్ళ మీద మసి పేరుకుని ఉంటే అది నిజంగానే పనిచేస్తుంది, ప్లగ్ తీసేసి చేస్తే తప్పేం లేదు.

ఒక్క పని మాత్రం ఎవరూ చేయకండి: ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా విప్పడం. ప్లగ్ తీసేశాక కూడా ఆ పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన మిగిలి ఉండొచ్చు. అది ప్రాణం తీసేంత. బయటి నుంచి జాలీలోంచి టార్చి వేసి, కెపాసిటర్ తల ఉబ్బిందేమో చూడండి, చాలు. ఉబ్బకపోయినా బాగున్నట్టు కాదు.

మార్చి చూడటం, తిరిగి పెట్టి చూడటం

కొలతలతో తేలనప్పుడు మిగిలేది బాగున్న ఎస్‌ఎమ్‌పీఎస్ ఒకటి అరువు తెచ్చి పెట్టి చూడటం. పక్కనే నెట్ సెంటర్ నడిపే మిత్రుడి దగ్గర రెండేళ్ళ నాటిది ఒకటి దొరికింది. నేను పెట్టిన షరతు ఒక్కటే: ఇంకేమీ మార్చొద్దు. అదే బోర్డు, అదే ప్రింటర్, అదే సాకెట్. మూడు రోజుల్లో నలభై దాకా ప్రింట్లు తీశాడు. ఒక్కసారి కూడా ఆరలేదు.

“ఇంకేముందన్నా, కొత్తది కొనేస్తా” అన్నాడు.

“పాతది తిరిగి పెట్టి ఒక్క పూట నడుపు” అన్నాను.

మంచిగా నడుస్తున్నదాన్ని మళ్ళీ చెడగొట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదు. కానీ ఇది చేయకపోతే రుజువు సగమే. ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చేటప్పుడు ఇరవై కనెక్షన్లు పీకి పెడతాం, ఏదో వదులుగా ఉన్నది ఆ పెట్టడంలోనే సరిపడి ఉండొచ్చు. పాతది పెట్టాక జబ్బు తిరిగొస్తేనే దోషి దొరికినట్టు. మర్నాడు పొద్దున రెండో ప్రింటుకే లోగో వచ్చింది. అప్పుడు నమ్మాను.

అలాగని బోర్డు నిర్దోషి కాదు. ప్రింటర్‌ను వేరే లైను మీది సాకెట్‌కు మార్పించాం. యూపీఎస్ ఉన్నవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం, లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్ బ్యాటరీ సాకెట్లలో పెట్టకూడదు, ఆ లోడుకు అది తట్టుకోదు. కరెంటు పోయినప్పుడు మాత్రమే సిస్టమ్ ఆరిపోతుంటే ముందు యూపీఎస్ బ్యాటరీని అనుమానించండి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్ళు దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే సమయం ఆ 16 మిల్లీసెకన్ల ఊపిరి కంటే ఎక్కువ కావచ్చు.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమనడం గురించి కూడా తరచూ అడుగుతారు. ఎస్‌ఎమ్‌పీఎస్ పోయిందనుకుంటారు. చాలావరకు అది సాకెట్‌లో ఎర్త్ లేకపోవడం. ఎస్‌ఎమ్‌పీఎస్ ముందు భాగంలో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ డబ్బాకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, కరెంటులోని మాలిన్యాన్ని ఎర్త్‌లోకి పంపడానికి. ఎర్త్ లేకపోతే డబ్బా దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చినా తగ్గదు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ వేయించాల్సిందే. నిర్లక్ష్యం చేయకండి, రేపు నిజంగా ఇన్సులేషన్ తెగితే కాపాడేది ఆ ఎర్తే.

కొత్తది కొనేటప్పుడు

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్ళినా, ఆన్‌లైన్‌లో చూసినా, ‘క్యాబినెట్ విత్ ఎస్‌ఎమ్‌పీఎస్’ అని కలిపి తక్కువకు అమ్మేవి కనబడతాయి. మా వాడిది అలాంటిదే. పైన 450 వాట్లని పెద్ద అక్షరాలు. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు. పన్నెండును పద్దెనిమిదితో గుణించండి, 216. ఇప్పటి కంప్యూటర్లు దాదాపు మొత్తం 12 వోల్టుల లైను మీదే నడుస్తాయి కాబట్టి మనకు దొరికేది ఆ 216. డబ్బా మీది అంకె కాదు, ఆ గడి చూసి కొనండి.

గ్రాఫిక్స్ కార్డు లేని డీటీపీ సిస్టమ్‌కు ఆ 216 కూడా ఎక్కువే. మా వాడికి తక్కువైంది వాట్లు కాదు, ట్యాంకు. అందుకే ‘650 వాట్లది వేయించుకో’ అన్న సలహా వినకుండా, మంచి కంపెనీ 450ది, ఐదేళ్ళ వారంటీ ఉన్నది తీసుకోమన్నాను. 80 ప్లస్ ముద్ర గురించి అడిగాడు. 2004లో మొదలైన ఆ పథకం చూసేది ఎంత కరెంటు వృథా కాకుండా మారుతుందన్నదే. వోల్టేజీ నిలకడకు అది హామీ కాదు. అయినా ఆ ముద్ర కోసం పరీక్షకు పంపిన కంపెనీ, ఏ పేరూ లేని డబ్బా కంటే నయమే.

ఊడదీసి పెట్టుకునే కేబుళ్ళున్న మోడ్యులర్ రకం కొంటే, పాతదాని కేబుళ్ళు దీనికి వాడొద్దు. కనెక్టర్ ఆకారం ఒకటే అయినా ఎస్‌ఎమ్‌పీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకి కంపెనీకీ మారుతుంది, ఒక్కోసారి అదే కంపెనీ మోడళ్ళకూ మారుతుంది. 5 వోల్టులు వెళ్ళాల్సిన చోట 12 వెళ్తే హార్డ్ డిస్క్ అక్కడికక్కడే కాలిపోతుంది. ఫోటోలు, ఏళ్ళ నాటి ఫైళ్ళు అన్నీ పోతాయి.

కొత్తది పెట్టి ఐదు నెలలైంది. బిల్లు బుక్కు వెనక పేజీల్లో ఆ తర్వాత ఏమీ రాయలేదు. పాత ఎస్‌ఎమ్‌పీఎస్‌ను మా వాడు అటక మీద పెట్టబోయాడు, ఎప్పుడైనా అవసరానికి ఉంటుందని. మల్టీమీటర్‌కు చిక్కనిది కదా, రెండేళ్ళ తర్వాత ఎవరో తీసి ఇంకో సిస్టమ్‌కు పెడతారు, మళ్ళీ ఇదే కథ. దాని మీద మార్కర్‌తో ‘చెడిపోయింది, వాడొద్దు’ అని రాయించి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇప్పించేశాను.